డ్యూటీ మధ్యలోనే రాసుకో

చిట్టీ,

రెసిడెన్సీలో, అంటే ఆ ఆసుపత్రి శిక్షణలో చేరాక ఒక్క కవితైనా రాయలేకపోయానని మొన్న ఫోన్‌లో ఏడ్చావు. ముప్ఫై ఏళ్లు పిల్లల డాక్టర్‌గా చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. సెలవు దొరికాక రాద్దామని మాత్రం ఆగకు.

నువ్వుంటున్న న్యూజెర్సీలోనే రూథర్‌ఫర్డ్ అనే ఊరుంది. కవీ డాక్టరూ అయిన విలియం కార్లోస్ విలియమ్స్ 1883లో పుట్టిందీ, 1963లో కన్నుమూసిందీ అక్కడే. నలభై ఏళ్లకు పైగా ఆ చుట్టుపక్కలే వైద్యం చేశాడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో వలస వచ్చిన కూలి కుటుంబాలవాళ్లు చాలామంది. ఏ వేళప్పుడైనా ఇళ్లకు వెళ్లి పురుళ్లు పోసేవాడు. ఆయన డెస్కులో ఒక పలకకు టైప్‌రైటర్ బిగించి ఉండేది. ఖాళీ దొరికితే దాన్ని పైకి లాగి గబగబా కొట్టేవాడు. వాక్యం మధ్యలో పేషెంట్ వస్తే ఠక్కున లోపలికి తోసేసేవాడు. వాళ్లు వెళ్లాక మళ్లీ పైకి. బయట ఉంటే ప్రిస్క్రిప్షన్ కాగితమే నోటుపుస్తకం.

1923లో వచ్చిన ఆయన పుస్తకం 'స్ప్రింగ్ అండ్ ఆల్' తెచ్చుకో. వానకు తడిసి మెరుస్తున్న ఎర్రటి ఒంటిచక్రం బండి, పక్కన తెల్లకోళ్లు, ఆ కవిత అందులోనే ఉంది. మొత్తం పదహారు మాటలు. ఒక లైన్లో మూడు మాటలు, కింద ఒక్కటి, నాలుగుసార్లూ అంతే. 'చక్రం' దగ్గర లైను విరిచి 'బండి'ని కిందికి దించాడు. పైకి చదువు, విరిచిన చోటల్లా ఆగు. బండి ముక్కముక్కగా కంటికి కనపడుతుంది. వస్తువుల్లో తప్ప వేరే భావాలు లేవని ఆయన ఎందుకన్నాడో నాకు అలా చదివితేనే తెలిసింది.

ఆయన 'ప్యాటర్సన్'తో మాత్రం మొదలుపెట్టకు. ఐదు భాగాల పెద్ద కావ్యం, ఉత్తరాలూ పాత వార్తలూ కలిసిపోయి ఉంటాయి. ముందు ఒక ఆదివారం ప్యాటర్సన్ ఊరికి వెళ్లి పసేయిక్ నది జలపాతం చూసి రా, ఆ తర్వాత తెరువు.

కోటు జేబులో చీటీలు పెట్టుకో. పేషెంట్ పేరు, కేసు వివరాలు రాయకు. చూసింది రాయి, నోటికి వచ్చే తెలుగులోనే. ఒకసారి మా ఓపీలో ఒకావిడ, లోపల వార్డులో ఉన్న బిడ్డ చెప్పు ఒకటి చేతిలో పట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. ఇంటికెళ్లి రాద్దామనుకున్నాను. ఇప్పుడు ఆ చెప్పు రంగే గుర్తు లేదు. ఆ బాధ నాకింకా ఉంది.

1951లో స్ట్రోక్ వచ్చింది విలియమ్స్‌కు, ఆ తర్వాత మళ్లీ వచ్చింది. అయినా మాటలు కూడదీసుకుని రాశాడు. చివరి పుస్తకానికి పులిట్జర్ బహుమతి ప్రకటించేనాటికి ఆయన లేడు.

ఈ వారం నైట్ డ్యూటీలో కంటపడిన ఏదో ఒక వస్తువు మీద నాలుగు లైన్లు రాసి పంపు. టైప్ చెయ్యక్కర్లేదు, చీటీ ఫొటో తీసి పెట్టు చాలు.

మీ పెద్దమ్మ