ఈడేల్‌లో దిగి, పొలాల గుండా కిండర్ ఎక్కి, మళ్ళీ ఈడేల్‌కే

మాంచెస్టర్‌కి కొత్తగా వచ్చామనీ, కారు లేదనీ, ఏప్రిల్ చివర్లో ఒక పగలంతా నడిచి దిగిన స్టేషన్‌కే తిరిగొచ్చే దారి కావాలనీ అడిగారు. అరవై దాటిన మీ నాన్నగారు కూడా వస్తారన్నారు. ఎవరిదో పొలంలో అడుగుపెడితే కసురుకుంటారేమో అనే భయం ఉందని చివర్లో రాశారు. నేను చెప్పేది ఈడేల్ అనే పల్లెలో రైలు దిగి, కిండర్ స్కౌట్ అనే కొండెక్కి తిరిగొచ్చే దారి. కానీ ముందు ఆ భయం సంగతే చెబుతాను. మొదటి ఏడాదంతా నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది అదే.

మాది అనంతపురం జిల్లా. మా ఊళ్ళో ఎవరి చేను గట్టు మీద నడవడానికైనా ఎవర్నీ అడగం. ఇక్కడికొచ్చాక మాత్రం తలుపు వేసిన గేటు కనిపిస్తే చాలు, వెనక్కి తిరిగేవాణ్ణి. కాలువ గట్లు, పార్కులు, అంతే నా నడక. తర్వాత ఆఫీసులో ఒకాయన ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ళ మ్యాపు పరిచి, దాని మీద ఆకుపచ్చ చుక్కల గీతలు చూపించాడు. ఆ గీత పొలం నడిమధ్య నుంచి పోతే మనమూ నడిమధ్య నుంచి పోవచ్చు. అది రైతు దయ కాదు, చట్టం ఇచ్చిన దారి హక్కు. దాన్ని మూసేసే అధికారం ఆ పొలం రైతుకి కూడా లేదు. ఇలాంటి దారులన్నీ లెక్కగట్టి మ్యాపుల మీద ఎక్కించాలని 1949లో చట్టం చేశారు. పొలంలో గోడ దాటే చోట చెక్క మెట్లో, చిన్న గేటో ఉంటుంది, దాని మీద పసుపు బాణం గుర్తు. ఆ బాణం కనిపిస్తే నిశ్చింతగా దాటండి. పొలాలు దాటి పైన మూర్ మొదలయ్యాక, అంటే గడ్డి, హెదర్ పొదలు తప్ప ఇంకేమీ పెరగని ఆ ఎత్తైన బీడులో, 2000 సంవత్సరపు చట్టం వల్ల చాలా చోట్ల దారి వదిలి కూడా తిరగొచ్చు.

ఈ హక్కు ఊరికే రాలేదు, అందుకే మిమ్మల్ని వేరే కొండకి కాకుండా కిండర్ స్కౌట్‌కే పొమ్మంటున్నాను. 1932 ఏప్రిల్ 24న, అంటే సరిగ్గా మీరు వెళ్దామనుకుంటున్న రోజుల్లోనే, మాంచెస్టర్ చుట్టుపక్కల పనిచేసుకునే కుర్రకారు వందల మంది ఇదే కొండ మీదికి కావాలని చొరబడ్డారు. అప్పట్లో ఇది గ్రౌస్ పక్షుల వేటకోసం దొరలు కాపలా పెట్టుకున్న నేల. కాపలావాళ్ళతో పెనుగులాట జరిగింది, అయిదుగురికి జైలు శిక్షలు పడ్డాయి. ముందుండి నడిపించిన బెన్నీ రాత్‌మన్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు, నాలుగు నెలలు లోపల ఉన్నాడు. 1951లో దేశంలోని మొట్టమొదటి నేషనల్ పార్కుగా ఈ కొండ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ ప్రాంతాన్నే ప్రకటించారు. ఆ కొండ మీద నిలబడ్డ ప్రతిసారీ నాకు ఆ కుర్రాళ్ళే గుర్తొస్తారు. వాళ్ళు జైలుకి పోబట్టే నాలాంటి పరాయి ఊరివాడికి కూడా అక్కడ నిలబడే చోటు దొరికింది.

ఇక దారి. మాంచెస్టర్ పికడిలీలో షెఫీల్డ్ వైపు పోయే, అన్ని స్టేషన్లలో ఆగే రైలెక్కితే ముప్పావు గంట పైచిలుకులో ఈడేల్. తొందరగా వెళ్ళే రైళ్ళు అక్కడ ఆగవు, చూసుకుని ఎక్కండి. స్టేషన్ నుంచి ఊళ్ళోకి పైకి నడిస్తే, చర్చి, బడి దాటాక ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పాత పబ్బు వస్తుంది. 268 మైళ్ళు నడిచి స్కాట్లాండ్ సరిహద్దు దాటే పెన్నైన్ వే మొదలయ్యేది ఆ పబ్బు ఎదుటే. మనం దాని మొదటి ముక్క మాత్రం తీసుకుంటాం. ఎడమకి తిరిగి చెట్ల నీడలో పల్లంగా ఉన్న బాటలో కాస్త నడిచి పొలాల్లోకి వస్తే, అక్కణ్ణుంచి అప్పర్ బూత్ దాకా మెత్తటి నడక.

ఈ 'బూత్' మాట ఒకసారి ఆగి వినండి. ఈడేల్ లోయలో అప్పర్ బూత్, బార్బర్ బూత్, నెదర్ బూత్, ఇలా చిన్న చిన్న పల్లెలు ఉన్నాయి. మధ్యయుగాల్లో ఇక్కడ పశువుల్ని మేపుకునేవాళ్ళు వేసుకున్న కొట్టాలే ఆ బూత్‌లు. అంటే మన వైపు దొడ్డి పేరు మీద ఊరు వెలిసినట్టే. ఇప్పటికీ అక్కడి బతుకు పశువులూ గొర్రెలే.

ఏప్రిల్‌లో ఆ పొలాల నిండా గొర్రెపిల్లలుంటాయి. లోయ అడుగున ముందు ఈనతాయి, పై పొలాల్లో కాస్త ఆలస్యంగా. తల్లి ఒంటి మీద రంగుతో ఒక అంకె వేసి, దాని పిల్లల మీద కూడా అదే అంకె వేస్తారు, ఏ పిల్ల ఎవరిదో తెలియడానికి. మా నాన్న పోయినేడు మేలో వచ్చినప్పుడు అది చూసి గోడ దగ్గర పావుగంట నిలబడిపోయారు. ఆయనకి గొర్రెల గురించి నాకంటే బాగా తెలుసు, మా చేలల్లో ఎరువుకోసం ఏటా మంద కట్టించేవారు. "కాపరి ఏడీ?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. కాపరి కనపడడు. కొండ మీద తిరిగే మందల్లో తల్లి ఏ మేరలో మేస్తుందో పిల్ల దాని వెంటే తిరిగి ఆ మేర నేర్చుకుంటుంది, పెద్దయ్యాక కంచె లేకపోయినా అది దాటి పోదు. ఈ అలవాటుని వాళ్ళు హెఫ్టింగ్ అంటారు. నాన్న చాలాసేపు నమ్మలేదు. తర్వాత గోడని తడిమి చూశారు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చి నిలబెట్టినదే. మా కొండల కింద చేలకి పెట్టే రాతికట్టూ అంతేనని ఆయనకి ఎంత సంతోషమో!

ఈ పొలాల్లో మీరు చేయాల్సింది కొంచెమే, కానీ అది తప్పకుండా చేయండి. మూసి ఉన్న గేటు దాటాక మూసేయండి, తెరిచి ఉన్నది తెరిచే వదిలేయండి. గోడ మీద నుంచి ఎక్కి దాటొద్దు, రాళ్ళు జారితే రైతుకి ఒక రోజు పని. గొర్రెపిల్ల ఒంటరిగా కనిపించినా ముట్టుకోవద్దు, తల్లి దగ్గరలోనే ఉంటుంది. దూడలున్న ఆవుల మంద ఎదురైతే మధ్యలోంచి కాకుండా చుట్టూ తిరిగి పోండి, అది మన ఇంటి ముందు ఆవులా సాధువు అనుకోవద్దు. మీ స్నేహితులెవరైనా కుక్కని తెస్తే, పైన మూర్ మీద మార్చి 1 నుంచి జూలై 31 వరకు పొట్టి తాడుతోనే పట్టుకోవాలి, నేల మీద గూళ్ళు పెట్టే పక్షులున్నాయి కాబట్టి.

ఆ పక్షుల కోసమే నేను వసంతంలో వెళ్తాను. లాప్‌వింగ్ అరుపు విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది. మన చెరువు గట్ల మీద రాత్రిళ్ళు అరిచే తీతువు పిట్టకి అది దగ్గరి చుట్టం. మన దగ్గర ఆ అరుపు అపశకునం అంటారు, ఇక్కడ వసంతం వచ్చిందనడానికి గుర్తు. పొడుగాటి వంకర ముక్కు కర్లూ ఎగురుతూ తీసే రాగం ఇంకో ఎత్తు. శీతాకాలమంతా సముద్రపు ఒడ్డున గడిపి గుడ్లు పెట్టడానికి పైకొస్తుంది.

అప్పర్ బూత్ తర్వాత లీ ఫామ్ దాటి, వాగు మీద ఒక చిన్న రాతి వంతెన దగ్గరికి వస్తారు. పూర్వం సరుకుల మూటలు మోసే గుర్రాలు దాటిన వంతెన అది. దాని పక్కనుంచే జేకబ్స్ ల్యాడర్ అనే రాతి మెట్లు. జేకబ్ మార్షల్ అనే పద్దెనిమిదో శతాబ్దపు రైతు చెక్కిన మెట్లంటారు. మన తిరుమల మెట్లలా ఎంతసేపటికీ తెగవనుకోకండి, నింపాదిగా ఎక్కితే పావుగంట, ఇరవై నిమిషాలు. రోజు మొత్తంలో ఊపిరి తిరగని చోటు అదొక్కటే.

పైకొచ్చాక కుడికి తిరిగి కొండ అంచు పట్టుకోండి. నోస్టూల్, పిమ్ చెయిర్, వూల్ ప్యాక్స్ అని పేర్లున్న రాళ్ళ గుంపులు వరసగా వస్తాయి. వూల్ ప్యాక్స్ నిజంగా ఉన్ని మూటలు పారేసినట్టే ఉంటాయి. ఇక్కడ ఒకే ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి: లోయ ఎప్పుడూ మీ కుడి చేతి వైపే ఉండాలి.

ఈ సూత్రం నాకు ఖరీదుగా దొరికింది. మొదటిసారి ఏప్రిల్ తొలి వారంలో ఒక్కణ్ణే వెళ్ళాను. కింద ఎండ కాస్తోంది. సర్వే స్తంభం చూద్దామని అంచు వదిలి 'కిండర్ లో' (Kinder Low) అనే 633 మీటర్ల ఎత్తు దాకా పోయాను. అక్కడ ఉండగా పొగమంచు కమ్మింది. పదడుగుల అవతల ఏమీ కనపడదు. ఆ పైభాగమంతా నల్లటి పీట్, అంటే వేల ఏళ్ళుగా నాచూ గడ్డీ సగమే కుళ్ళి పేరుకున్న నేల. దాన్ని వాన నీళ్ళు కోసి మనిషి లోతు కాలువలు చేశాయి. ఒక కాలువలో దిగి ఎక్కితే ఇంకొకటి, అన్నీ ఒకేలా ఉంటాయి. చలికి ఫోను ఆగిపోయింది, చేతిలో కాగితం మ్యాపు లేదు. ఒక రాయి చాటున కూర్చుని గంటకి పైగా వణికాను. మంచు కాస్త విడిపోయి లోయ కనపడగానే అంచు చేరుకుని, అక్కణ్ణుంచి కదల్లేదు. అప్పటి నుంచి ఈ ప్రాంతానికి ఆర్డ్నెన్స్ సర్వే వేసిన ఓఎల్1 (OL1) మ్యాపు, దిక్సూచి లేకుండా పైకి పోలేదు. మీరూ పోవద్దు. నిజంగా ఆపదొస్తే 999కి చేసి, పోలీసుల్ని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. ఈడేల్ బృందంలో అందరూ జీతం లేకుండా వచ్చేవాళ్ళే.

ఆ పీట్ గురించి ఇంకో మాట. నూరూ నూటయాభై ఏళ్ళు మాంచెస్టర్ మిల్లుల పొగ ఈ కొండ మీదే పడింది. ఆ ఆమ్లానికి పీట్‌ని పట్టి ఉంచే స్ఫాగ్నం నాచు చచ్చిపోయి, నేల నల్లగా బయటపడి కొట్టుకుపోవడం మొదలైంది. 1982లో కిండర్‌ని కొన్న నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ, ఇంకా కొందరు కలిసి గొర్రెలు రాకుండా కంచె వేసి, కాలువలకి అడ్డుకట్టలు కట్టి, చేత్తో నాచు నాటుతున్నారు. నేను వెళ్ళడం మొదలుపెట్టిన ఈ తొమ్మిదేళ్ళలోనే నల్లటి చోట్లు పచ్చబడటం కళ్ళారా చూశాను. అందుకే పైన నిప్పు ముట్టించకండి, సిగరెట్ కూడా. ఏప్రిల్ గాలికి పాత గడ్డి ఎండి ఉంటుంది. 2018లో సాడిల్‌వర్త్ మూర్ అంటుకున్నప్పుడు ఆర్పడానికి సైన్యం రావాల్సొచ్చింది. పీట్ పట్టుకుంటే లోపల్లోపల రోజుల తరబడి కాలుతుంది.

పెన్నైన్ వే మీద కాళ్ళ కింద పరిచిన బండల్నీ చూడండి. అందులో చాలా బండలు మూతబడ్డ లాంకషైర్ నూలు మిల్లుల నేల నుంచి పీకి, హెలికాప్టర్లతో తెచ్చి వేసినవి. మన నేతగాళ్ళ మగ్గాల్ని కూలదోసిన మిల్లులే. 1931 సెప్టెంబరులో గాంధీ లాంకషైర్ వచ్చి, విదేశీ బట్ట బహిష్కరణ వల్ల పని పోయిన మిల్లు కార్మికుల్ని కలిశారు. ఏడు నెలలకి ఇదే ప్రాంతపు కార్మికులు ఈ కొండెక్కారు. ఆ బండల మీద అడుగేసేటప్పుడు నాకు ఈ రెండు సంగతులూ కలిసి గుర్తొస్తాయి.

క్రౌడెన్ టవర్ అనే రాళ్ళ దగ్గర వాగు దాటి, 'గ్రిండ్స్‌లో నోల్' (Grindslow Knoll) అనే 601 మీటర్ల గుట్ట చేరుకుంటే కింద ఈడేల్ కప్పులు కనిపిస్తాయి. దిగుడు నిటారుగా ఉంటుంది, మోకాళ్ళు నొప్పెడతాయి, చేతికర్రలుంటే మేలు. మొత్తం సుమారు 14 కిలోమీటర్లు, తినడానికి ఆగడంతో కలిపి ఆరు గంటలు వేసుకోండి. ఏప్రిల్ చివర్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది కాబట్టి తొందరపడక్కర్లేదు.

మీ నాన్నగారికి రోజూ నడిచే అలవాటుంటే మొత్తం చుట్టు నడవగలరు. లేదంటే అప్పర్ బూత్ దాకా మీతో వచ్చి, అక్కణ్ణుంచి బార్బర్ బూత్ మీదుగా పొలాల దారిన ఈడేల్ చేరుకోవచ్చు. అయిదారు కిలోమీటర్ల చిన్న చుట్టు, దాదాపు చదునే. మా నాన్న చేసింది అదే. ఒక్కర్నే పంపకుండా ఎవరో ఒకరు తోడుండండి, పైన ఫోను సిగ్నల్ ఉన్నా లోయలో చాలా చోట్ల ఉండదు.

కింద ఎంత ఎండ ఉన్నా ఉన్ని స్వెట్టరు, వాన కోటు, టోపీ సంచిలో పెట్టుకోండి. ఏప్రిల్‌లో పైన వడగళ్ళు కూడా చూశాను. పట్టున్న అడుగున్న బూట్లు వేసుకోండి. మేము పులిహోర, ఫ్లాస్కులో టీ తీసుకెళ్తాం. వాగు నీళ్ళు తేటగా ఉన్నా తాగొద్దు, పైన గొర్రెలు తిరుగుతాయి. ఇంటికొచ్చాక పిక్కలు, మోకాళ్ళ వెనక పిడుదులు పట్టాయేమో చూసుకోండి, గడ్డిలోంచి అంటుకుంటాయి. సాయంత్రం ఆ స్టేషన్లో ఆగే రైళ్ళు తక్కువ, కాబట్టి తిరుగు రైలు వేళలు పొద్దున దిగినప్పుడే ప్లాట్‌ఫారం మీద బోర్డు చూసి రాసుకోండి.