విండోస్ 11లో రైట్ క్లిక్ మెనూ: రిజిస్ట్రీ దాకా వెళ్లే ముందు సెండ్ టు చూడండి

విండోస్ 11కి మారాక రైట్ క్లిక్‌లో పాత ఆప్షన్లు కనపడటం లేదనీ, మెనూ తెరుచుకోవడమే ఆలస్యమవుతోందనీ, రోజూ చేసే పని ఒకటి అందులో పెట్టుకోవాలని ఉన్నా రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటు) అంటే భయమనీ మీలో ఒకరు రాశారు. నేను డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్ల పని చేస్తాను. రోజంతా ఫైళ్ల మీద రైట్ క్లిక్‌తోనే గడుస్తుంది కాబట్టి నాకు పనికొచ్చినవి చెబుతాను.

ముందు పాత మెనూ సంగతి. అది ఎక్కడికీ పోలేదండి. షిఫ్ట్ నొక్కి ఉంచి రైట్ క్లిక్ చేయండి, నేరుగా అదే వస్తుంది. ఫైల్ సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కినా వస్తుంది. ఎప్పుడూ పాత మెనూయే వచ్చేలా రిజిస్ట్రీలో పొడవాటి కోడ్ ఒకటి పెట్టే పద్ధతి ఉంది. నేను మాత్రం పెట్టుకోలేదు. షిఫ్ట్ వేలికి అలవాటైతే దాని అవసరమే రాదు.

ఇక సొంత పని చేర్చుకోవడం. ఇందుకు చాలామంది నేరుగా రిజిస్ట్రీ గురించే చెబుతారు. నన్నడిగితే మొదటి మెట్టు సెండ్ టు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషులో షెల్, కోలన్, సెండ్‌టు అని ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక మామూలు ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో ఏ ప్రోగ్రామ్ షార్ట్‌కట్ వేసినా అది రైట్ క్లిక్‌లోని సెండ్ టు జాబితాలో చేరిపోతుంది. అక్కర్లేనప్పుడు ఆ షార్ట్‌కట్ డిలీట్ చేస్తే చాలు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు, పాడయ్యేదేమీ ఉండదు. విండోస్ 11లో సెండ్ టు పాత మెనూలోనే ఉంటుంది కాబట్టి పైన చెప్పిన షిఫ్ట్ ఇక్కడ కూడా కావాలి.

దీనిలో నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. ఎన్ని ఫైళ్లు సెలెక్ట్ చేసి పంపినా అన్నిటి పేర్లూ ఒకేసారి ఆ ప్రోగ్రామ్‌కి అందుతాయి. అదే రిజిస్ట్రీలో మామూలు పద్ధతిలో రాసుకున్న ఆదేశమైతే ఒక్కో ఫైల్‌కీ ఒక్కోసారి విడిగా నడుస్తుంది. పది ఫొటోలు సెలెక్ట్ చేస్తే పది నల్ల విండోలు లేస్తాయి.

మా పనిలో దీని విలువ ఏమిటంటే, ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల అప్లికేషన్‌కి ఫొటో 200 బై 230 పిక్సెళ్లలో, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. సంతకం 10 నుంచి 20 కేబీ. నోటిఫికేషన్ పడిందంటే పిల్లలు ఫోన్లో తీసిన మూడు నాలుగు ఎంబీల ఫొటోలు పట్టుకొని వస్తారు. ఒక్కోదాన్నీ ఫొటోషాప్‌లో తెరిచి తగ్గిస్తూ కూర్చుంటే చివరి తేదీ దాటిపోతుంది. అందుకే ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, నోట్‌ప్యాడ్‌లో ఒకే వాక్యంతో బ్యాచ్ ఫైల్ (నొక్కగానే అందులోని ఆదేశాలు నడిపే ఫైల్) రాసుకున్నాను. దానిలో ఫొటోలను మార్చే మోగ్రిఫై అనే ఇమేజ్‌మ్యాజిక్ ఆదేశం, కావలసిన కొలత, జేపెగ్ ఎక్స్‌టెంట్ ఆప్షన్‌లో గరిష్ఠంగా 50 కేబీ, చివర శాతం గుర్తు పక్కనే నక్షత్రం గుర్తు ఉంటాయి. ఆ శాతం, నక్షత్రం ఉన్నచోటకే మీరు సెలెక్ట్ చేసిన ఫైళ్ల పేర్లన్నీ వచ్చి చేరతాయి. క్వాలిటీ ఎంత తగ్గించాలో అదే చూసుకుని సైజును ఆ లోపుకి దించుతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మోగ్రిఫై అసలు ఫొటో మీదే రాసేస్తుంది. పాత్ ఆప్షన్ ఇచ్చి ఫలితం వేరే ఫోల్డర్‌లో పడేలా చూసుకోండి. ఫొటో ఎవరిదో, అసలుది పోతే మళ్లీ దొరకదు. ఇంకొకటి, కమాండ్ లైన్ 8191 అక్షరాలకు మించి తీసుకోదు. పొడవాటి పేర్లున్న ఫైళ్లు వందల్లో ఒకేసారి పంపకుండా విడతలుగా పంపండి.

ఈ బ్యాచ్ ఫైల్‌కి షార్ట్‌కట్ చేసి సెండ్ టు ఫోల్డర్‌లో వేయండి. ఆ షార్ట్‌కట్‌కి తెలుగులో పేరు పెట్టుకోవచ్చు. నా జాబితాలో "ఫొటో 50 కేబీ", "సంతకం 20 కేబీ" అనే ఉన్నాయి. కొత్తగా పనిలో చేరినవాళ్లకు కూడా విడిగా చెప్పనక్కర్లేదు.

నెమ్మది విషయానికొస్తే, తప్పు సాధారణంగా విండోస్‌ది కాదు. మనం వేసే ప్రతి జిప్ ప్రోగ్రామూ, యాంటీవైరస్సూ, క్లౌడ్ ప్రోగ్రామూ మెనూలో ఒక లైను పెట్టుకుంటాయి. పాత మెనూ తెరిచిన ప్రతిసారీ వాటి కోడ్ ఎక్స్‌ప్లోరర్ (ఫైళ్లు, ఫోల్డర్లు చూపించే విండోస్ ప్రోగ్రామ్) లోపలే నడుస్తుంది. ఒక్కటి ఆగినా మెనూ మొత్తం ఆగుతుంది. మైక్రోసాఫ్ట్ కొత్త మెనూ తేవడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. ఇలా చేరినవాటి జాబితా చూపించే నిర్‌సాఫ్ట్ వాళ్ల షెల్‌ఎక్స్‌వ్యూ దించుకోండి, ఉచితమే. టైప్ కాలమ్ మీద నొక్కి కాంటెక్స్ట్ మెనూ (రైట్ క్లిక్ మెనూ) అని ఉన్నవాటిని ఒకచోటకు తెచ్చుకోండి. గులాబీ రంగులో ఉన్నవి మైక్రోసాఫ్ట్‌వి కానివి. అనుమానం ఉన్నదాన్ని సెలెక్ట్ చేసి ఎఫ్7 నొక్కితే ఆగిపోతుంది, ఎఫ్8 నొక్కితే తిరిగి వస్తుంది. కంట్రోల్, ఈ నొక్కి ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్ చేసి చూడండి. అన్నీ ఒకేసారి ఆపకండి, సగం సగం ఆపుతూ వెళితే దొంగ త్వరగా దొరుకుతాడు. మైక్రోసాఫ్ట్‌వి ముట్టుకోవద్దు.

ప్రింట్ ఆప్షన్ ఒక్కోసారి మాయమవుతోందని కూడా రాశారు కదా, అది చెడిపోవడం కాదు. 15 కంటే ఎక్కువ ఫైళ్లు సెలెక్ట్ చేస్తే ఓపెన్, ప్రింట్ లాంటివి విండోసే దాచేస్తుంది. పొరపాటున వందల విండోలు తెరుచుకోకుండా ఆ ఏర్పాటు. పదిహేనేసి చొప్పున చేసుకుంటే సరిపోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా, ఫోల్డర్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే పాత మెనూలో నేరుగా కనిపించే లైను కావాలంటే అప్పుడు రిజిస్ట్రీ. హెచ్‌కీ కరెంట్ యూజర్ కిందే చేయండి, మిగతా యూజర్ల జోలికి పోదు. అందులో సాఫ్ట్‌వేర్, క్లాసెస్, డైరెక్టరీ, బ్యాక్‌గ్రౌండ్, షెల్ వరుసలో దిగి (లేని కీలు మీరే చేసుకోవచ్చు) మీ పేరుతో ఒక కీ, దాని లోపల కమాండ్ అనే కీ చేయాలి. పై కీ డిఫాల్ట్ విలువ మెనూలో కనిపించే మాట, లోపలి కీ డిఫాల్ట్ విలువ నడవాల్సిన ప్రోగ్రామ్. పై కీలో ఎక్స్‌టెండెడ్ అనే ఖాళీ స్ట్రింగ్ చేరిస్తే షిఫ్ట్ నొక్కినప్పుడే కనిపిస్తుంది. మొదలుపెట్టే ముందు క్లాసెస్ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. వద్దనుకున్న రోజు మీ పేరుతో చేసిన కీ ఒక్కటి తీసేస్తే లైను పోతుంది.

ఈ మార్పులను రిజిస్ట్రీలో చేర్చే డాట్ రెగ్ ఫైల్‌ను తెలుగు మాటలతో తయారు చేస్తుంటే నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ దగ్గర ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16 ఎల్ఈ ఎంచుకోండి. మామూలుగా వచ్చే యూటీఎఫ్-8లోనే వదిలేస్తే మెనూలో తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి.