ఎప్పుడూ కలవని ఒక డ్రమ్మర్ చనిపోతే అభిమానులు అంతలా ఎందుకు ఏడుస్తారు?

సింగర్ పోతే ఏడ్చారంటే అర్థం చేసుకోవచ్చు, హీరో అయినా సరే, కానీ వెనకాల కూర్చుని డ్రమ్స్ కొట్టే మనిషి కోసం జనం పూలు పట్టుకెళ్ళి ఏడవడమేంటి, మీలో ఎవరికైనా అలా జరిగిందా అని అడిగారు కదా. నాకు జరిగింది, అందుకే రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది.

నేను చెప్పేది రష్ అనే కెనడా రాక్ బ్యాండ్ డ్రమ్మర్ నీల్ పియర్ట్ గురించి. 2020 జనవరి 7న కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో పోయాడు, 67 ఏళ్ళు, గ్లయోబ్లాస్టోమా అని బ్రెయిన్ క్యాన్సర్‌లో చాలా చెడ్డ రకం. బయటికి తెలిసింది మాత్రం మూడు రోజుల తర్వాత, 10వ తేదీ శుక్రవారం. నేనప్పుడు టొరంటో పక్కన మిస్సిసాగాలో ఉద్యోగం చేస్తున్నా.

ఈయనెవరో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బ్యాండ్‌లో ఉండేదే ముగ్గురు. గెడ్డీ లీ పాడతాడు, బేస్ గిటార్ వాయిస్తాడు, కీబోర్డు కూడా ఆయనే, అలెక్స్ లైఫ్‌సన్ గిటార్, నీల్ డ్రమ్స్. కానీ పాటల్లో మాటలు దాదాపు అన్నీ రాసింది నీలే. అంటే గొంతు గెడ్డీది, మాట నీల్‌ది, దాని కింద దరువూ నీల్‌దే. అందుకే రష్ అభిమానికి ఆయన వెనకాల కూర్చున్న మనిషి కాదు, ఆయన్ని ప్రొఫెసర్ అని పిలిచేవాళ్ళు. 1952లో హామిల్టన్‌లో పుట్టి సెయింట్ కాథరిన్స్‌లో పోర్ట్ డల్హౌసీ అనే చోట పెరిగాడు. 18 ఏళ్ళకి డ్రమ్మర్‌నైపోతానని లండన్ వెళ్ళి, అక్కడ ఏదీ కుదరక తిరిగొచ్చేసి, వాళ్ళ నాన్న వ్యవసాయ పనిముట్ల షాపులో ట్రాక్టర్ స్పేర్ పార్టులు అమ్ముకుంటూ ఉంటే 1974లో రష్ నుంచి పిలుపొచ్చింది. జులై 29న చేరాడు, ఆగస్టు 14న పిట్స్‌బర్గ్‌లో పదివేల పైచిలుకు జనం ముందు మొదటి షో. ఇంక 2015 దాకా ఆ సీటు ఆయనదే.

నాకు ఈ బ్యాండ్‌ని అంటించింది మా టీమ్ లీడ్, యాభై దాటిన కెనడా ఆయన, పొద్దున్నే కార్లో నన్ను ఎక్కించుకునేవాడు. ఆయన కార్లో టామ్ సాయర్ అనే పాట లేని రోజు లేదు, 1981లో వచ్చిన మూవింగ్ పిక్చర్స్ ఆల్బమ్‌లోది. మొదట్లో నాకు గోలగానే ఉండేది. ఒకరోజు రూమ్‌లో పెట్టుకుని వింటుంటే మా రూమ్మేట్, రాజమండ్రి కుర్రాడు, చిన్నప్పుడు కొన్నాళ్ళు మృదంగం నేర్చుకున్నాడు, కూర తరుగుతున్నవాడల్లా చాకు పక్కన పెట్టేసి పాట మధ్యలో గిటార్ సోలో దగ్గర టేబుల్ మీద వేళ్ళతో తకిట తకధిమి, తకిట తకధిమి అని వేయడం మొదలెట్టాడు. "ఒరేయ్ ఇది మిశ్రచాపురా, ఏడు మీద నడుస్తోంది చూడు" అన్నాడు. నిజమే, అక్కడ పాట ఏడు లెక్కకి మారిపోతుంది, ఆ ఏడులోనే నీల్ టామ్‌లు అనే డ్రమ్ముల మీద పై నుంచి కిందకి దొర్లించుకుంటూ వస్తాడు, ఎక్కడా తొట్రుపాటు ఉండదు. తర్వాత వాడే ఇంకోటి పట్టుకున్నాడు, వైవైజెడ్ అనే మాటల్లేని ఇన్‌స్ట్రుమెంటల్. అది టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్ట్ కోడ్, దాన్ని మోర్స్ కోడ్‌లో, అంటే పాత టెలిగ్రాఫ్ సంకేతాల్లో, ఎలా కొడతారో అదే ఆ పాట మొదట్లో తాళం. పొడుగుకి రెండు, పొట్టికి ఒకటి వేసుకుని లెక్కపెట్టండి, వై అంటే పొడుగు పొట్టి పొడుగు పొడుగు, ఏడు. ఇంకో వై, ఇంకో ఏడు. జెడ్ అంటే పొడుగు పొడుగు పొట్టి పొట్టి, ఆరు. మొత్తం ఇరవై. నేను దిగిన ఎయిర్‌పోర్ట్, నా లగేజీ ట్యాగ్ మీద ఉన్న మూడక్షరాలు, వాటితో ఒకాయన తాళం కట్టాడంటే నాకు ఆ ఊరే కొత్తగా కనిపించింది. ఇప్పటికీ ఎవరికైనా రష్ పరిచయం చేయాలంటే నేను అదే పెడతా.

2015 జూన్‌లో టొరంటోలో వాళ్ళ నలభై ఏళ్ళ టూర్ షో చూశాను, మా లీడే టికెట్లు తీశాడు. ఆ షో కట్టిన పద్ధతే వేరు, కొత్త పాటలతో మొదలుపెట్టి ఒక్కో దశాబ్దం వెనక్కి వెళ్తారు, స్టేజి మీద సామాను కూడా మనుషులొచ్చి మారుస్తుంటారు, నీల్ ఇంటర్వెల్ తర్వాత రెండు బేస్ డ్రమ్ములున్న డెబ్బైల నాటి తరహా సెట్ మీద కూర్చున్నాడు. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం స్టేజి కాదు, జనం. టామ్ సాయర్‌లో ఆ దొర్లింపు, ఫిల్ అంటారు, వచ్చేసరికి హాల్ మొత్తం చేతులు గాల్లోకి లేచాయి, వేలమంది ఒకేసారి లేని డ్రమ్స్ కొడుతున్నారు. నా ముందు వరసలో అరవై ఏళ్ళాయన, పక్కన ఆయన కొడుకు అనుకుంటా, ఇద్దరి చేతులూ ఎడమ నుంచి కుడికి ఒకే టామ్ దగ్గరికి ఒకే క్షణంలో వెళ్తున్నాయి, ఒకళ్ళనొకళ్ళు చూసుకోవట్లేదు కూడా. మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉందని నా ఉద్దేశం. సింగర్‌తో కలిసి పాడతాం, అది గొంతులో ఉంటుంది, డ్రమ్మర్‌ది చేతుల్లోకి దిగిపోతుంది, స్టీరింగ్ మీద, బల్ల మీద, తొడ మీద ఏళ్ళ తరబడి కొట్టుకుంటాం. ఆ మనిషి పోయాడంటే చేతులకి ముందు తెలుస్తుంది.

ఆ టూర్‌లో చివరి షో ఆగస్టు 1న లాస్ ఏంజిలస్ ఫోరమ్‌లో. షో అయ్యాక నీల్ ఎప్పుడూ మిగతా ఇద్దరితో కలిసి ముందుకొచ్చి దణ్ణం పెట్టేవాడు కాదు, తన పని అయిపోగానే దిగి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు మాత్రం డ్రమ్స్ వెనక నుంచి ముందుకొచ్చి ఇద్దరి భుజాల మీద చేతులేశాడు. మా లీడ్ ఆ వీడియో చూసి "అయిపోయింది, ఇంక రాడు" అన్నాడు. అలాగే అయ్యింది, ఆ ఏడాది చివర్లో తను రిటైరైనట్టే మాట్లాడాడు. భుజం నొప్పి, చేతుల్లో టెండనైటిస్ అనే వాపు నొప్పి, ఇంట్లో చిన్న పాప, కారణాలు అందరికీ అర్థమయ్యేవే. మరుసటేడు 2016లో క్యాన్సర్ బయటపడింది. అక్కణ్ణుంచి మూడున్నరేళ్ళు గెడ్డీకి, అలెక్స్‌కి, దగ్గరి స్నేహితులకి తెలుసు, ఒక్కళ్ళూ నోరు విప్పలేదు.

ఇక్కడ ఆయన స్వభావం చెప్పాలి, లేకపోతే ఆ శోకం ఎందుకలా ఉందో అర్థం కాదు. నీల్‌కి కీర్తి అంటే ఇబ్బంది. కొత్తవాళ్ళని ఎన్నాళ్ళగానో ఎదురుచూసిన స్నేహితుల్లా పలకరించడం తనవల్ల కాదని లైమ్‌లైట్ అనే పాటలోనే రాసేశాడు. షోకి ముందు అభిమానుల్ని కలిసి ఫోటోలు దిగేది మిగతా ఇద్దరే, నీల్ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోటార్‌సైకిల్ మీద వెళ్ళిపోయేవాడు. 1997 ఆగస్టులో 19 ఏళ్ళ కూతురు, అప్పటికి ఒక్కగానొక్క బిడ్డ, కారు యాక్సిడెంట్‌లో పోయింది, పది నెలలకే భార్య క్యాన్సర్‌తో పోయింది. కూతురి అంత్యక్రియల్లోనే మిగతా ఇద్దరితో నన్ను రిటైరైనట్టే అనుకోండి అన్నాడు. తర్వాత బండెక్కి 55,000 మైళ్ళు తిరిగాడు, దాని మీద ఘోస్ట్ రైడర్ అని పుస్తకం రాశాడు. బ్యాండ్ ఉందో లేదో తెలియని ఆ ఏళ్ళలో గెడ్డీ, అలెక్స్ ఒత్తిడి చేయలేదు, అభిమానులూ చేయలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, పైన చెప్పిన చిన్న పాప ఆ పెళ్ళితోనే. 2002లో తనే కొత్త ఆల్బమ్‌తో తిరిగొచ్చాడు. ఆయన జోలికి వెళ్ళకుండా ఉండటమే ఆయన్ని ప్రేమించడం అని అభిమానులు అప్పటికే నేర్చుకున్నారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో వార్త చూశాం. మా లీడ్ ఏమీ మాట్లాడకుండా కోటు వేసుకుని పార్కింగ్‌కి వెళ్ళి కార్లో కూర్చున్నాడు, చాలాసేపటికి నేనూ వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నా. పాట కూడా పెట్టలేదు. ఆ వారాంతం పోర్ట్ డల్హౌసీకి వెళ్ళాం, అక్కడ లేక్‌సైడ్ పార్క్ ఉంది, నీల్ కుర్రతనంలో వేసవి పని చేసిన చోటు, ఆ పేరుతో పాట కూడా ఉంది. లేక్ ఒంటారియో మీంచి వచ్చే చలిగాలి, పాత రంగులరాట్నం ఉంది, ఇప్పటికీ ఐదు సెంట్లకే ఎక్కిస్తారు, చలికాలం కాబట్టి మూసేసి ఉంది. మేం వెళ్ళేసరికి పూలు, డ్రమ్ స్టిక్స్ పెట్టి ఉన్నాయి. కొన్ని స్టిక్స్ కొత్తవి కాదు, వాడి వాడి అంచులు పీచులేచిపోయినవి, వాటి మీద మార్కర్‌తో ఊరి పేర్లు. వచ్చినవాళ్ళు అరవలేదు, గుంపుగా పాడలేదు, కాసేపు నిలబడి పక్కవాళ్ళని ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏ టూర్ చూశారు అని అడుగుతున్నారు. మా అమ్మ ఫోన్ చేస్తే చెప్పా, "ఎవర్రా ఆయన, నీకు తెలుసా" అంది. తెలుసమ్మా అన్నాను, ఇంకేం చెప్పాలో తోచలేదు.

అదే ఏడాది సెప్టెంబర్ 25న మన బాలు గారు పోయారు. అది ఇంకో రకం, ఆగస్టులో ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచి వాళ్ళబ్బాయి చరణ్ గారు వీడియోల్లో ఎలా ఉందో చెప్తూ వచ్చారు, ఊరూరా జనం ప్రార్థనలు చేశారు, అందరం కలిసి ఎదురుచూశాం, కలిసి ఏడ్చాం. బాలు గారు అందరినీ నాన్నా, బంగారం అని దగ్గరికి తీసుకున్న మనిషి, ఆయనకి అదే తగింది. నీల్ విషయంలో ఎదురుచూసే అవకాశమే లేదు, తెలిసేసరికి అంతా అయిపోయింది. కానీ ముందే చెప్పలేదేంటని అభిమానులెవరూ నా ఎదురుగా అనలేదు, నాకూ అనిపించలేదు. ఆ మూడున్నరేళ్ళు కెమెరాలు లేకుండా భార్యాపిల్లల దగ్గర ఉండగలిగాడంటే నాకు తృప్తిగానే ఉంది. బ్యాండ్ ప్రకటనలో కూడా కుటుంబాన్ని వాళ్ళ మానాన ఉండనివ్వండి, ఏమైనా చేయాలనుకుంటే మీకు నచ్చిన క్యాన్సర్ పరిశోధన సంస్థకో సేవా సంస్థకో ఆయన పేరు మీద ఇవ్వండి అన్నారు. మా ఆఫీసులో రష్ పాట ఒక్కటీ తెలియనివాళ్ళు కూడా మా లీడ్ మొహం చూసి తలా కొంచెం వేశారు. తర్వాత సెయింట్ కాథరిన్స్ ఊరివాళ్ళు ఆ పార్కులో పెవిలియన్‌కి నీల్ పేరు పెట్టుకున్నారు.

కాబట్టి కలవని మనిషి కోసం ఏడవడమేంటి అంటే, నా వరకు కలవడం అనేది లెక్కలోకే రాదు. ఆయన మమ్మల్ని కలవడానికి ఇష్టపడలేదు, అది దాచలేదు కూడా, కానీ కొట్టాల్సిన ప్రతి దెబ్బా రాత్రి రాత్రికీ సరిగ్గా కొట్టాడు. నలభై దాటి, ప్రపంచం గొప్ప డ్రమ్మర్ అంటున్న రోజుల్లో, ఫ్రెడ్డీ గ్రూబర్ అనే పెద్దాయన దగ్గర చేరి స్టిక్ పట్టుకునే తీరుతో సహా మొదట్నుంచి నేర్చుకున్నాడు. మాకు ఇవ్వాల్సింది అలా ఇచ్చేశాడు, అంతకన్నా దగ్గరితనం నేను ఆయన్నించి అడగను.

2025 అక్టోబర్‌లో గెడ్డీ, అలెక్స్ మళ్ళీ రష్ పేరుతో 2026లో టూర్ చేస్తామన్నారు, డ్రమ్స్ మీద అనికా నిలెస్ అనే జర్మన్ అమ్మాయి. నీల్ భార్య, కూతురు కూడా మాకిష్టమే అని చెప్పారు. అభిమానుల్లో సగం మంది అప్పుడే కొట్టుకుంటున్నారు, నీల్ లేకుండా రష్ ఏంటని. మా లీడ్ రానన్నాడు, ఆయన బాధ ఆయనది, నేను బతిమాలలేదు. నేను మాత్రం వెళ్తాను, ఆ పాటలు వాయించకుండా వదిలేయడం నాకు నచ్చదు, ఆ అమ్మాయి ఆ ఏడు లెక్క ఎలా నడిపిస్తుందో వినాలని ఉంది. మా రాజమండ్రి వాడు ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు, వాడికీ టికెట్ తీస్తానని చెప్పా.