టెక్ సందేహాలు: 429 కోట్ల సంఖ్య ఒకటిగా ఎందుకు మారింది?

ప్రశ్న: విశాఖ గాజువాకలో ఉంటాను, బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాను. 4294967297 ప్రధాన సంఖ్యో కాదో తేల్చమని మా సార్ ఇచ్చారు. సీ లాంగ్వేజ్‌లో ప్రోగ్రాం రాస్తే ‘ప్రధాన సంఖ్య కాదు’ అని వస్తోంది. కారణాంకం మాత్రం చూపించట్లేదు. ఆ సంఖ్యని ఉంచిన వేరియబుల్ ఎన్ విలువ ప్రింట్ చేస్తే 1 అని పడుతోంది. ల్యాబ్‌లోనూ ఇంట్లోనూ ఇదే వరస. కంపైలర్ మార్చాలా?

జవాబు: కంపైలర్ జోలికి వెళ్లొద్దు. మీరు ఎన్‌ను ‘ఇంట్’ (మామూలు పూర్ణ సంఖ్యల రకం)గా డిక్లేర్ చేసి ఉంటారు. ఇప్పుడు మనం వాడే కంపైలర్లలో దానికి ఉండేది 32 బిట్లే, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. మీ సంఖ్య 2కి 32వ ఘాతం కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ. 33వ బిట్‌కి చోటు లేక అది రాలిపోయింది, ఆ ఒకటి మిగిలింది. ఒకటి ప్రధాన సంఖ్య కాదు కదా, ప్రోగ్రాం ఆ మాటే చెప్పింది. జవాబు ఒప్పే గానీ మీరడిగిన సంఖ్యకి కాదు! కంపైల్ చేసినప్పుడు ఓవర్‌ఫ్లో (సంఖ్య ఉన్న చోటుకి మించిపోవడం) వార్నింగ్ వచ్చిందేమో చూడండి, వాటిని చదవకుండా వదిలేయకండి.

ఎన్‌ను ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే ‘లాంగ్ లాంగ్’ రకం చేయండి. ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ డి తీసేసి పర్సెంట్ ఎల్ఎల్‌డి పెట్టండి. లూప్‌లో భాగించి చూసే ఐ కూడా లాంగ్ లాంగే ఉండాలి. లేదంటే పెద్ద ప్రధాన సంఖ్యలు ఇచ్చినప్పుడు, ఐ విలువ 46341కి చేరగానే ఐ ఇంటూ ఐ మళ్లీ ఓవర్‌ఫ్లో అవుతుంది. ఈ సంఖ్యకి అంత దూరం వెళ్లక్కర్లేదు, 641 దగ్గరే తెగుతుంది: 641 × 6700417. రెండూ ప్రధాన సంఖ్యలే.

మీ సార్ ఈ సంఖ్య ఊరికే ఇవ్వలేదు. 3, 5, 17, 257, 65537 అని సాగే ఫెర్మా సంఖ్యల్లో (2కి 1, 2, 4, 8, 16... ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చేవి) తర్వాతది ఇదే. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు కావడంతో, వరసంతా అంతేనని 17వ శతాబ్దంలో గణితవేత్త ఫెర్మా నమ్మారు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ ఈ సంఖ్యని 641తో భాగించి కాదని తేల్చారు. దీని ఏ కారణాంకాన్నైనా 64తో భాగిస్తే 1 మిగలాలి. అందుకని లూప్‌ని 65తో మొదలుపెట్టి 64 చొప్పున పెంచి చూడండి, పదో అడుగులోనే దొరుకుతుంది.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటి. ఇది 65536, 1ల వర్గాల మొత్తం. 62264, 20449ల వర్గాల మొత్తం కూడా. ప్రధాన సంఖ్యని ఇలా రెండు వర్గాలుగా విడదీయగలిగితే, అది ఒకే ఒక్క విధంగా కుదురుతుంది. దీనికి రెండు విధాలున్నాయి కాబట్టి, కారణాంకం తెలియకముందే సంయుక్త సంఖ్య అని చెప్పేయొచ్చు. ఇది మీ రికార్డులో తప్పకుండా రాయండి.

ప్రశ్న: జగదాంబ సెంటర్ దగ్గర మాకు షాపుంది. ఎక్సెల్‌లో 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతోంది.

జవాబు: ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలే నిలుపుకుంటుంది. నంబరు కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చండి, లేదా నంబరు ముందు సింగిల్ కోట్ పెట్టండి. ఇప్పటికే సున్నా అయినవి ఫార్మాట్ మార్చినా తిరిగి రావు. పాస్‌బుక్కులు చూసి మళ్లీ కొట్టాల్సిందే.