అమెరికాలో మెడికేర్‌కు ఎప్పుడు అప్లై చేయాలి? ప్లాన్ ఎప్పుడు మార్చుకోవచ్చు?

మెడికేర్ అంటే ప్రధానంగా 65 నిండినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్. మీకు జూన్‌లో 65 నిండుతాయనుకుందాం. మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా, మొత్తం ఏడు నెలలు గడువు. మే నెలాఖరులోపే అప్లై చేస్తే జూన్ 1 నుంచి కవరేజీ మొదలవుతుంది. పుట్టినరోజు ఒకటో తారీఖైతే ఈ లెక్కంతా ఒక నెల ముందే మొదలవుతుంది.

గడువు దాటితే మళ్లీ జనవరి 1 నుంచి మార్చి 31 మధ్యే అవకాశం. పైగా ఆలస్యమైన ప్రతి 12 నెలలకు పార్ట్ బి (డాక్టర్ ఫీజులు, ఔట్‌పేషెంట్ వైద్యానికి వర్తించే భాగం) ప్రీమియం 10 శాతం చొప్పున పెరుగుతుంది, అదీ ఆ కవరేజీ ఉన్నన్నాళ్లూ. మీరో, మీ భార్యో లేదా భర్తో ఉద్యోగంలో ఉండి, కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే ఈ టెన్షన్ లేదు. ఉద్యోగం, ఇన్సూరెన్స్‌లలో ఏది ముందు ఆగితే అప్పటి నుంచి ఎనిమిది నెలల టైమ్ ఉంటుంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: ఉద్యోగం పోయాక సొంత డబ్బుతో కొనసాగించే పాత కంపెనీ ఇన్సూరెన్స్ (కోబ్రా) ఈ లెక్కలోకి రాదు.

ప్లాన్ మార్చుకోవడం ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా. కొత్త ప్లాన్ జనవరి 1 నుంచి అమలవుతుంది. అడ్వాంటేజ్ ప్లాన్‌లో (ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ ప్లాన్) ఉన్నవాళ్లకు జనవరి-మార్చిలో ఇంకొక్కసారి వీలుంటుంది.

ఇక్కడ ఉద్యోగం చేయకుండా గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు 65 దాటినా, సాధారణంగా వరసగా అయిదేళ్లు ఇక్కడ ఉన్నాకే అర్హత.