పాత కారు బ్రేకు పట్టేస్తుంటే: క్యాలిపర్ కొనే ముందు పిన్నులు చూడండి

ప్రశ్న: డెట్రాయిట్ శివార్లలో ఉద్యోగం. ఈ మధ్యే 2006 టయోటా క్యామ్రీ కొన్నాను. కొంత దూరం నడిపేసరికి కుడివైపు ముందు చక్రం దగ్గర కాలిన వాసన వస్తోంది, కారు కుడివైపుకు లాగుతోంది. షాపులో చూపిస్తే రెండు క్యాలిపర్లు (ప్యాడ్‌లను అదిమే పట్టు), రోటార్లు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లాలు), ప్యాడ్‌లు (ఆ పళ్లాలను అదిమి ఆపే పలకలు) అన్నీ మార్చాలన్నారు. చెప్పిన ఖర్చు కారు కొన్న ధరలో మూడో వంతు ఉంది. ఇంటి దగ్గర నేనే చేసుకోవచ్చా? మన దేశంలో ఉండగా నేను టైరు కూడా మార్చి ఎరగను.

జవాబు: చేసుకోవచ్చు. కాకపోతే ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించుకుని మొదలుపెట్టండి. బ్రేకు ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని చక్రాలకు చేర్చే ద్రవం) గొట్టం విప్పకుండా అయ్యే పని అంతా మీరు చేయవచ్చు. గొట్టం విప్పాల్సి వచ్చిందంటే, మొదటిసారి మాత్రం మెకానిక్‌కు వదిలేయండి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన పాత కార్లలో చక్రం పట్టేయడానికి చాలాసార్లు కారణం క్యాలిపర్ కాదు, అది జారే పిన్నులకూ ప్యాడ్‌లు కూర్చునే చోటుకూ పట్టిన తుప్పు. దానికి కావలసింది కాస్త గ్రీజు, తీగల బ్రష్షు, ఒక మధ్యాహ్నం. షాపువాళ్లు అన్నీ మార్చమనడం మోసమే కానక్కరలేదు. గంటకు వంద డాలర్లు దాటే కూలి తీసుకుని తుప్పు గీకుతూ కూర్చోవడం కంటే కొత్త భాగం బిగించి పంపడమే వాళ్లకు గిట్టుబాటు. పని మళ్లీ మొదటికి వస్తే బాధ్యతా వాళ్లదే కదా.

ముందు ఒక హెచ్చరిక. చక్రం దగ్గర పొగ వస్తున్నా, పెడల్ మెత్తగా కిందకు దిగిపోతున్నా, ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం తగ్గిపోతున్నా ఆ కారు నడపకండి. టో చేయించండి. పట్టేసిన బ్రేకు వేడికి దగ్గరి ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకు తగులుతుంది, కారు మాత్రం ఆగదు. డాట్ 3 రకం ఫ్లూయిడ్‌కు కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అది గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్న ద్రవం కాబట్టి నీరు చేరిన కొద్దీ ఆ స్థానం పడిపోతుంది. తడిసిన ఫ్లూయిడ్‌కు ప్రమాణం 140 డిగ్రీలే. పాత కారులో ఎప్పుడు మార్చారో తెలియని ఫ్లూయిడ్‌ను తడిసినదనే లెక్క వేసుకోండి.

ఇక లోపల ఏం జరుగుతోందో కాస్త తెలుసుకోవాలి, లేకపోతే చేతులు పెట్టి లాభం లేదు. చాలా కార్లలో ముందు క్యాలిపర్‌కు పిస్టన్ ఒక్కటే, లోపలివైపు ఉంటుంది. పెడల్ తొక్కితే అది లోపలి ప్యాడ్‌ను రోటార్ మీదకు నెడుతుంది. ఆ తోపుడుకు క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద లోపలికి జారి, బయటి ప్యాడ్‌ను కూడా లాక్కొచ్చి అవతలి పక్క నుంచి అదుముతుంది. పెడల్ వదిలాక పిస్టన్‌ను వెనక్కి లాగడానికి స్ప్రింగు ఏదీ ఉండదు. దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలు, తొక్కినప్పుడు వంగి, వదలగానే మళ్లీ నిటారుగా అవుతూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. అంతే. ఆ వెంట్రుకవాసి వెసులుబాటును పిన్ను మీది తుప్పు మింగేస్తే ప్యాడ్ రోటార్‌ను రాస్తూనే ఉంటుంది. మీకు కాలిన వాసన అక్కడి నుంచే వస్తోంది.

డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు అందులోంచి కూడా వస్తుంది. విశాఖ సముద్రపు గాలికి ఇంటి కిటికీ ఊచలు ఏమవుతాయో చూసినవాళ్లకు కారు అడుగు భాగం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్న స్నేహితుడు “మా కారు పదిహేనేళ్లయినా బోల్టులు చేత్తో తిప్పితే వస్తాయి” అంటే నమ్మండి గానీ, ఆ లెక్క ఇక్కడికి తేకండి. మరో సంగతి: మిచిగన్‌లో పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లలో లాగా ఏటా వాహన భద్రతా తనిఖీ ఉండదు. మీరు కొన్న కారు బ్రేకులను మీకు ముందు ఎవరైనా ఎప్పుడైనా విప్పి చూశారన్న నమ్మకం పెట్టుకోకండి.

ముందు జబ్బు ఎక్కడుందో పట్టుకోవాలి. బ్రేకు ఎక్కువగా వాడకుండా కొంత దూరం నడిపి ఆపండి. ఉష్ణోగ్రత చూపించే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ ఇరవై ముప్పై డాలర్లకు దొరుకుతుంది. చక్రం ఊచల సందులోంచి రెండు ముందు రోటార్ల మీదా ఒకేలా గురిపెట్టి చూడండి. రెండింటికీ కొద్ది తేడా మామూలే, ఒకటి రెండో దానికంటే ఎంతో వేడిగా ఉంటే దోషి అదే. చేతితో ముట్టుకోకండి, చర్మం ఊడి వస్తుంది. బ్రేకు తొక్కకపోయినా కారు కుడివైపు లాగుతోందంటే కుడి చక్రం పట్టేస్తున్నట్టు. తొక్కినప్పుడు మాత్రమే ఎడమవైపు లాగుతుంటే, కుడి బ్రేకు సరిగా పట్టడమే లేదన్నమాట. అదీ పిన్నుల వల్ల రావచ్చు.

కారు ఎత్తే పని దగ్గర మాత్రం నా మాట అక్షరాలా వినండి. చదునైన కాంక్రీటు మీదే చేయండి. డిక్కీలో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు దగ్గర వేలు కూడా పెట్టవద్దు. ఫ్లోర్ జాకీతో ఎత్తి, జాక్ స్టాండ్ (ఎత్తిన కారు బరువును మోసే ఇనుప కాళ్ల పీట) మీద దించి, చేత్తో ఊపి చూసి, అప్పుడు కూర్చోండి. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. ఎండాకాలంలో తారు మెత్తబడి స్టాండు కాళ్లు దిగిపోతాయి, కింద ప్లైవుడ్ ముక్క వేయండి. పాత మిచిగన్ కారుకు జాకీ పెట్టే అంచే తుప్పుతో పొడిపొడిగా ఉండవచ్చు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసుకోండి. మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఒకసారి లీజు కాగితం చదవండి. పార్కింగ్‌లో కారు మరమ్మతులు చేయకూడదని చాలా లీజుల్లో రాసి ఉంటుంది. అలా అయితే సొంత ఇల్లున్న స్నేహితుడి ఇంటి ముందు చేసుకోండి.

చక్రం నట్లను కారు నేల మీద ఉండగానే ఒక పిసరు వదులు చేసి తర్వాత ఎత్తాలి. చక్రం తీశాక క్యాలిపర్ వెనక రెండు బోల్టులు కనిపిస్తాయి. మీ కారుకు 14 నంబరు పానా సరిపోతుంది. కింది బోల్టు తీసి క్యాలిపర్‌ను పైకి తిప్పవచ్చు, లేదా రెండూ తీసి మొత్తంగా పక్కకు తీయవచ్చు. తీశాక దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడదీయకండి. ఇనుప తీగ వంచి చక్రం వెనక ఉన్న పెద్ద సస్పెన్షన్ స్ప్రింగుకు తగిలించండి.

ఇప్పుడు ప్యాడ్‌లు చేతిలోకి తీసుకుని తీరిగ్గా చూడండి. ఈ రెండు ముక్కలు మీకు చెప్పినంత నిజం ఏ కంప్యూటరూ చెప్పదు. లోపలిది సన్నగా, బయటిది మందంగా ఉంటే క్యాలిపర్ పిన్నుల మీద జారడం లేదు. ఒకే ప్యాడ్ ఒక కొనన అరిగి మరో కొనన నిండుగా ఉంటే ఒక పిన్ను పట్టేసింది, లేదా ప్యాడ్ చెవి (కొసన పొడుచుకొచ్చిన భాగం) బ్రాకెట్‌లో (ప్యాడ్‌లను పట్టి ఉంచే ఇనుప చట్రంలో) బిగుసుకుపోయింది. రెండూ సమానంగానే ఉండి, అవతలి చక్రం ప్యాడ్‌లతో పోలిస్తే బాగా అరిగిపోతే పిస్టన్‌నో గొట్టాన్నో అనుమానించాలి.

పిన్నులను ఒకదాని తర్వాత ఒకటి తీయండి, రెండూ కలిపి పక్కన పడేయకండి. కొన్ని కార్లలో ఒక పిన్ను కొనకు రబ్బరు తొడుగు ఉంటుంది, దాని రంధ్రం దానిదే. ఆరోగ్యంగా ఉన్న పిన్ను రెండు వేళ్లతో లాగితే వస్తుంది. పట్టేసింది మెలితిప్పుతూ, పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పులోకి ఇంకి వదులు చేసే నూనె) వేస్తూ బతిమాలుకుంటే గానీ రాదు. బయటికి వచ్చాక దాని మీద ఎండి గట్టిపడిన నల్లటి జిడ్డు, అక్కడక్కడా గోధుమ రంగు తుప్పు మచ్చలు కనబడతాయి. బ్రేక్ క్లీనర్‌తో కడిగి తుడవండి. రంధ్రం లోపల కూడా సన్నటి బ్రష్షుతో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వండి. పిన్ను మీద గోరుకు తగిలే గుంటలుంటే పాలిష్ చేస్తూ కూర్చోకుండా కొత్తది వేయండి. పిన్నును కప్పే రబ్బరు బూటు చిరిగి ఉంటే అదీ మార్చండి. నీళ్లు దూరింది అందులోంచే.

గ్రీజు కొనే విషయంలో పొదుపు పనికిరాదు. సైకిల్ చెయిన్‌కో బేరింగ్‌కో వాడే మామూలు పెట్రోలియం గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బుతుంది, కొద్ది నెలల్లో పిన్ను మొదటికంటే గట్టిగా పట్టేస్తుంది. డబ్బా మీద బ్రేకు పిన్నులకు, రబ్బరుకు సరిపోతుందని స్పష్టంగా రాసి ఉన్న సిలికాన్ గ్రీజో సింథటిక్ గ్రీజో కొనండి. పూత పల్చగా ఉండాలి. రంధ్రంలో నిండుగా కూరితే గాలి బయటికి పోయే దారిలేక పిన్ను లోపలికి పోదు, పోయినా వెనక్కి తన్నుతుంది.

పిన్నులు బాగుచేసి చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు శత్రువు బ్రాకెట్‌లో దాక్కుని ఉంటాడు. ప్యాడ్ రెండు చెవులూ స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పుల మీద కూర్చుంటాయి. ఆ క్లిప్పు పైకి మెరుస్తూనే ఉంటుంది. దాన్ని ఊడదీస్తే కింద ఇనుము పొరలు పొరలుగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు క్లిప్పును పైకి నెట్టి, ప్యాడ్ చెవికి ఉన్న సందును ఇరుకు చేస్తుంది. సుత్తితో కొడితే గానీ ప్యాడ్ బయటికి రాలేదంటే కారణం ఇదే. 17 నంబరు బోల్టులు రెండు విప్పి బ్రాకెట్‌ను బల్ల మీదకు తెచ్చుకోండి. తీగల బ్రష్షుతో, చివర ఆకురాయితో తుప్పంతా పోయి ఇనుము కనబడేదాకా గీకండి. ఇనుమును అరగదీయకండి, తుప్పును మాత్రమే తీయండి. కొత్త క్లిప్పుల పెట్టె పది పదిహేను డాలర్లు. అవి వేశాక ప్యాడ్‌ను వేలితో నెడితే జారాలి. దాని చెవుల కొసన మాత్రం పల్చటి గ్రీజు రాయవచ్చు. ప్యాడ్ అరిగే ముఖానికి గానీ రోటార్‌కు గానీ చుక్క అంటకూడదు. బ్రేకు దుమ్మును గాలి కొట్టి ఊదవద్దు, పాత ప్యాడ్‌లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిపి తుడవండి.

ఇక పిస్టన్. ఫ్లూయిడ్ డబ్బా మూత వదులు చేసి, పాత ప్యాడ్‌ను పిస్టన్ మీద అడ్డం పెట్టి, సీ క్లాంపు (సీ ఆకారంలో ఉండే మర బిగింపు) పెట్టి నిదానంగా తిప్పండి. నిలకడగా లోపలికి పోతే మంచిదే. డబ్బాలో మట్టం పైకొస్తుంది, పొర్లకుండా చూసుకోండి. ఆ ద్రవం కారు పెయింటును తినేస్తుంది, పడితే వెంటనే నీళ్లతో కడగాలి. పిస్టన్ కదలకపోయినా, దుమ్ము కవరు చిరిగి లోపల తుప్పు కనబడినా, తడి ఉన్నా అప్పుడు క్యాలిపర్ మార్చాల్సిందే. వెనక చక్రాల్లో మాత్రం క్లాంపు వాడే ముందు ఆగండి. హ్యాండ్ బ్రేకు క్యాలిపర్‌లోనే ఇమిడి ఉన్న కార్లలో పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి. బలవంతంగా నొక్కితే లోపలి యంత్రం విరుగుతుంది.

పిన్నులు, బ్రాకెట్, పిస్టన్ అన్నీ బాగున్నా చక్రం పట్టేస్తూనే ఉంటే రబ్బరు గొట్టాన్ని గుర్తుచేసుకోండి. పాత గొట్టం బయటికి నున్నగా ఉండి లోపల ఉబ్బి మూసుకుపోతుంది. తొక్కినప్పుడు ఒత్తిడి క్యాలిపర్‌కు చేరుతుంది గానీ వెనక్కి రాదు. పట్టేసి ఉన్న సమయంలో క్యాలిపర్ మీది బ్లీడర్ స్క్రూ (ఫ్లూయిడ్‌నూ గాలినీ బయటికి వదిలే స్క్రూ) కొంచెం వదులు చేస్తే చక్రం వెంటనే వదులైపోతే తప్పు క్యాలిపర్‌ది కాదు, అంతకు ముందున్నదానిది. కానీ ఇక్కడి కార్లలో ఆ స్క్రూ తుప్పుకు విరిగిపోవడం సర్వసాధారణం. ఈ పరీక్ష మెకానిక్ చేతే చేయించండి. కొత్త క్యాలిపర్ మీ కళ్ల ముందే వేస్తుంటే ఒక్కటి గమనించండి: బ్లీడర్ స్క్రూ పైభాగానికి రావాలి. కుడి ఎడమలు తారుమారైతే అది కిందకు వస్తుంది, ఇక ఎంత పంపు చేసినా గాలి పోదు.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నారో చూపే పానా) వాడండి. మీ కారు చక్రం నట్లకు 76 అడుగుల పౌండ్లు, నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా బిగించాలి. క్యాలిపర్, బ్రాకెట్ బోల్టుల లెక్క మరమ్మతు పుస్తకంలో చూసుకోండి. చాలా పబ్లిక్ లైబ్రరీలు చిల్టన్ మాన్యువల్స్‌ను కార్డు ఉన్నవాళ్లకు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తాయి. పనిముట్లు కొననక్కరలేదు. ఆటోజోన్ లాంటి దుకాణాలు డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి, తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. క్యాలిపర్ కొన్నా పాతది పారేయకండి, బిల్లులో వేసిన కోర్ ఛార్జి (పాత భాగం కోసం పట్టుకునే డిపాజిట్) అది తిరిగిస్తేనే దక్కుతుంది. ప్యాడ్‌లు మారిస్తే రెండు వైపులా ఒకేసారి మార్చండి.

కారు దించాక, కదిలించే ముందు, పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కుతూ ఉండండి. వెనక్కి నెట్టిన పిస్టన్ ముందుకు రావడానికి కొన్ని తొక్కుళ్లు పడతాయి. ఇది మరిచి రివర్స్ వేస్తే గ్యారేజీ తలుపే మీ బ్రేకు. వీధిలో నిదానంగా నాలుగైదుసార్లు ఆపి చూసుకుని, తర్వాత కొంత దూరం తిరిగి మళ్లీ ఉష్ణోగ్రత చూడండి. యాభై నుంచి వంద మైళ్లు నడిచాక నట్లు మరోసారి టార్క్ చేయండి. ఏటా ఉప్పు చల్లడం ఆగాక, ఏప్రిల్‌లో, పిన్నులు ఒకసారి తీసి చూసుకుంటే చాలు.

ఇది ఒకసారి చేశారంటే మీ అపార్ట్‌మెంట్‌లో మనవాళ్లందరూ “అన్నా, మా హోండా కూడా ఒకసారి చూడవా” అని వస్తారు. చూడండి, తప్పులేదు. డబ్బులు మాత్రం తీసుకోకండి. హెచ్-1బి వీసా మీదో ఎఫ్-1 విద్యార్థి వీసా మీదో ఉన్నవాళ్లకు అది అనుమతి లేని ఉద్యోగం కిందకు వస్తుంది. వాళ్లింట్లో భోజనం చేసి రండి.