పాత కెర్నెల్ లేస్తోంది, కొత్తది ఆగిపోతోంది

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ ఉంది. కెర్నెల్ (సిస్టంకు గుండెకాయలాంటి ప్రోగ్రాము) సోర్సు దించుకుని, మెనూకాన్ఫిగ్ అనే ఎంపికల మెనూలో అక్కర్లేదనిపించినవి తీసేసి కంపైల్ చేశాను. ఎర్రర్లేమీ రాలేదు. తయారైన ఇమేజ్ ఫైలును బూట్ డైరెక్టరీలోకి కాపీ చేసి, గ్రబ్ అనే బూట్ మెనూలో పాత ఎంట్రీని చూస్తూ కొత్తది చేత్తో రాశాను. ఇనిట్‌ఆర్‌డీ వరుసకు సరిపడే ఫైలు లేకపోవడంతో ఆ వరుస తీసేశాను. ఇప్పుడు 'అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ (0,0)' అంటూ కెర్నెల్ పానిక్ వచ్చి ఆగిపోతోంది. డిస్కు పాడైందంటారా?

జవాబు: మీ డిస్కుకు ఏమీ కాలేదు. అదే డిస్కు నుంచి పాత కెర్నెల్ నిక్షేపంగా లేస్తున్నప్పుడు దాన్ని అనుమానించనవసరం లేదు. ఆ సందేశంలో అందరూ చూడకుండా దాటేసే చివరి రెండు అంకెలే అసలు సంగతి చెబుతాయి. అవి పరికరాన్ని కెర్నెల్ గుర్తించే మేజర్, మైనర్ సంఖ్యలు. అక్కడ (8,2) అని ఉంటే, ఎస్‌డీఏ2 పార్టిషను దొరికింది కానీ అందులోని ఫైల్ సిస్టంను కెర్నెల్ చదవలేకపోయిందని అనుకునేవాళ్లం. రెండూ సున్నాలంటే, రూట్ (సిస్టం ఉన్న పార్టిషను) అని మీరిచ్చిన చిరునామా కెర్నెల్‌కు ఏ పరికరంగానూ బోధపడలేదన్నమాట.

ఎందుకు బోధపడలేదో మీరు తీసేసిన ఆ వరుసే చెబుతోంది. పాత ఎంట్రీలో రూట్ చిరునామా సాధారణంగా యూయూఐడీ, అంటే ఫైల్ సిస్టం గుర్తింపు సంఖ్య, రూపంలో ఉంటుంది. దాన్ని చూసి ఫలానా పార్టిషను అని తేల్చేది కెర్నెల్ కాదు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే తాత్కాలిక ఫైల్ సిస్టంలోని ప్రోగ్రాములు. ఇనిట్‌ఆర్‌డీ వరుస చూపించేది దీన్నే. అది లేనప్పుడు పార్ట్‌యూయూఐడీనో (పార్టిషను గుర్తింపు సంఖ్య), నేరుగా పరికరం పేరునో ఇవ్వాలి.

అయితే అదొక్కటే కారణమని తీర్మానించే ముందు, పానిక్ వరుసకు కాస్త పైన కెర్నెల్ అచ్చువేసే పార్టిషన్ల జాబితాను చూడండి. మీ డిస్కు అందులో కనిపిస్తే లోపం చిరునామాలోనే ఉంది. జాబితా ఖాళీగా ఉంటే డిస్కు డ్రైవరే కెర్నెల్‌లో లేదు: దాన్ని మీరు తీసేసి ఉండాలి, లేదా కాన్ఫిగ్‌లో 'వై' (కెర్నెల్‌లోనే కలిపేయి) బదులు 'ఎం' అని పెట్టి, తర్వాత విడిగా లోడయ్యే మాడ్యూలుగా వదిలి ఉండాలి. ఆ మాడ్యూలు ఉండేది ఆ డిస్కులోనే కాబట్టి, డిస్కు తెరుచుకోనిదే అది చేతికి రాదు, అది రానిదే డిస్కు తెరుచుకోదు. ఈ చిక్కు తీర్చడానికే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అవసరమవుతుంది.

పాత కెర్నెల్‌తో బూట్ చేసి, సోర్సు డైరెక్టరీలో రూట్ (అడ్మినిస్ట్రేటర్) అధికారంతో 'మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్', ఆ తర్వాతే 'మేక్ ఇన్‌స్టాల్' నడపండి. డెబియన్‌లో రెండోది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను తయారుచేసి, గ్రబ్ మెనూను కూడా సరిచేస్తుంది. చేత్తో రాసిన ఎంట్రీని తొలగించండి. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ వద్దనుకుంటే, మీ డిస్కును బట్టి ఎన్‌వీఎంఈ లేదా ఏహెచ్‌సీఐ (సాటా డిస్కులది) డ్రైవరునూ, ఏహెచ్‌సీఐ అయితే ఎస్‌సీఎస్ఐ డిస్కు డ్రైవరును కూడా, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టంనూ 'వై'గా మార్చి, పార్ట్‌యూయూఐడీ ఇస్తే సరిపోతుంది. రూట్ పార్టిషను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మాత్రం ఈ దారి పట్టకండి.

'అక్కర్లేదనిపించినవి తీసేసి' అన్న మీ మాట నన్ను కాస్త కంగారుపెట్టింది. బూట్ డైరెక్టరీలో పాత కెర్నెల్ కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది. దాన్ని సోర్సులోకి కాపీ చేసుకుని 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్'తో (పాత ఎంపికలు ఉంచి, కొత్తవాటికి డిఫాల్టులు పెట్టేది) మొదలుపెట్టడం మేలు. తగ్గించాలంటే 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' ఉంది. అది ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచుతుంది కనుక, మీరు వాడే యూఎస్‌బీ పరికరాలన్నీ ముందే తగిలించి ఉంచండి.